బొట్టు బొట్టుగా కారేది పెట్రోలేనా?

మన ఇళ్ళల్లో యంత్రాలకు కూడా ఆడామగా తేడా ఉంది, ఎప్పుడైనా గమనించారా? మిక్సీ, గ్రైండరు, కుక్కరు, కుట్టుమిషను, గ్యాసుపొయ్యి - ఇవన్నీ ఆడ యంత్రాలు. వీటికి ఒంట్లో బాగాలేకపోతే మనమే డాక్టర్లం, మనమే నర్సులం. కుక్కరు పక్కనుంచి ఆవిరి చిమ్ముతోందంటే గ్యాస్కెట్ వదులైందని ఇట్టే తెలిసిపోతుంది. కుట్టుమిషను దారం తెంపుతోందంటే బాబిన్ కేసు తీసి, పీచు దులిపి, ఓ చుక్క నూనె వేసి మళ్ళీ కూర్చుంటాం. దానికెవరూ మనల్ని మెచ్చుకోరు, ఎవరూ ఆశ్చర్యపోరు కూడా.

అదే స్కూటరు, మోటారుసైకిలు, కారు అనేసరికి అవి మగ యంత్రాలైపోతాయి. ఒకప్పుడు వాటి దగ్గర మన స్థానం వెనకసీటు - అదీ ఒక పక్కకు తిరిగి, ఒళ్ళో పిల్లను, చేతిలో సంచినీ పెట్టుకుని. ఇప్పుడు ముందుసీటు కూడా ఇచ్చారు. మన అమ్మాయిలు కాలేజీలకీ ఆఫీసులకీ నిక్షేపంగా నడుపుకుంటూ వెడుతున్నారు. నడపడం వరకూ ఒప్పుకున్నారు మహానుభావులు! కాని ఆ బండికి ఏదైనా వచ్చినప్పుడు దాని మూత తీసి లోపల ఏముందో చూస్తానని అనండి. ఇంటిల్లిపాదీ ఒక్క గొంతుతో "నీకెందుకు?" అంటారు.

ఆ "నీకెందుకు" మీదే నా పేచీ.

ఊరికే స్త్రీ స్వాతంత్ర్యం, సమానత్వం అంటూ పెద్ద పెద్ద మాటలతో పేచీ పెట్టుకోవడం నాకు చేతకాదు. ఆ మాటలు సభల్లో బాగుంటాయి. నేను చిన్న వస్తువొకటి పట్టుకుంటాను. దాని పేరు కార్బరేటరు. పాత స్కూటర్ల కుడివైపు డొప్ప తీస్తే కనిపిస్తుంది, పిడికిలంత ఉంటుంది. అందులోంచి పెట్రోలు కారుతుంటే ఏం చెయ్యాలి అన్నది ప్రశ్న. ఈ చిన్న ప్రశ్నకు మన ఇళ్ళల్లో దొరికే జవాబులు చూస్తే పెద్ద మాటల అవసరం ఉండదు.

"ఇంకా కార్బరేటర్లు ఎక్కడున్నాయండీ?" అంటారేమో. కొత్త బళ్ళలో చాలావాటిలో లేవు. 2020 ఏప్రిల్ 1 నుంచి పొగకు కొత్త నిబంధనలు వచ్చాక చాలా ద్విచక్ర వాహనాల్లో వాటి కాలం చెల్లి, కంప్యూటరు లెక్కలతో పెట్రోలు చిమ్మే ఏర్పాట్లు వచ్చాయి. కాని పాత బళ్ళు పోలేదు. 1972లో వచ్చిన చేతక్ స్కూటరు - రాణా ప్రతాప్ గుర్రం పేరు పెట్టుకున్నది - మన మధ్యతరగతి ఇళ్ళల్లో ఒక మనిషిలాగే బతికింది. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూసి తెచ్చుకున్న బండి, దండ వేసి కొబ్బరికాయ కొట్టిన బండి, మామగారి చేతిమీదుగా నడిచిన బండి - పాతసామాన్లవాడికి వెయ్యడానికి మనసెలా ఒప్పుతుంది? ఇప్పటికీ ఎన్నో ఇళ్ళ మెట్లకింద గోనెపట్టా కప్పుకుని అలాంటివి ఉన్నాయి. ఆదివారం పూట బయటికి తీసి, ఒక పక్కకు ఒంచి, నాలుగు కిక్కులు కొడితే దగ్గుతూ లేస్తాయి.

ఇంతకీ ఈ కార్బరేటరు చేసే పనేమిటి? పెట్రోలునూ గాలినీ తగిన పాళ్ళలో కలిపి ఇంజనుకు పెడుతుంది. అంతే. పిండీ నీళ్ళూ కలిపినట్టే. పెట్రోలు ఎక్కువైతే బండి నల్లపొగ కక్కుతుంది, ప్లగ్గు తడిసిపోతుంది. తక్కువైతే ఈడ్చుకుంటూ నడుస్తుంది. పాళ్ళు కుదరాలంటే చేతికింద ఎప్పుడూ ఒకే మట్టంలో పెట్రోలు సిద్ధంగా ఉండాలి గదా! అందుకని కార్బరేటరులో ఒక చిన్న గిన్నె ఉంటుంది. ట్యాంకు పైన, ఈ గిన్నె కింద. పంపూ గింపూ ఏమీ లేదు, పెట్రోలు తన బరువుకు తనే దిగుతుంది. గిన్నెలో తేలే బుడ్డి లాంటిది ఒకటి ఉంటుంది, దాన్ని ఫ్లోట్ అంటారు. పెట్రోలు నిండుతున్న కొద్దీ ఫ్లోట్ పైకి లేస్తుంది. లేచి, ఒక చిన్న సూదిని పైకి నెట్టి పెట్రోలు వచ్చే దారి మూసేస్తుంది. ఇంజను తాగిన కొద్దీ మట్టం తగ్గి, ఫ్లోట్ దిగి, సూది జారి, దారి మళ్ళీ తెరుచుకుంటుంది.

ఎక్కడో చూసినట్టు లేదూ? చూశారు. రోజూ చూస్తున్నారు. మీ స్నానాలగదిలో ఫ్లష్ ట్యాంకు మూత ఎత్తి చూడండి. బంతి తేలడం, కొళాయి మూసుకోవడం - సరిగ్గా ఇదే తంతు! 1893లో విల్‌హెల్మ్ మేబాక్ అనే జర్మను ఇంజనీరు కార్బరేటరుకు ఈ ఫ్లోట్ ఏర్పాటు చేశాడు. ఆ మహానుభావుడి తెలివికి దణ్ణం పెడతాను గాని, అందులో ఆడవాళ్ళ బుర్రకు ఎక్కనిదేమిటో నాకు బోధపడలేదు. ఫ్లష్ ట్యాంకు పొంగి నీళ్ళు పోతుంటే బంతి ఇరుక్కుందో, వాషరు అరిగిందో చూడమని ప్లంబరుకు చెప్పేది మనమేగా! అప్పుడెవరూ "నీకెందుకు?" అనరు. మరుగుదొడ్డి విషయం మన శాఖ కింద జమ.

ఇప్పుడు కారడం సంగతికొద్దాం. మా ఇంట్లోనూ మామగారి కాలంనాటి గేర్ల స్కూటరొకటి ఉంది. ఈమధ్య దాని కింద గచ్చు మీద జిడ్డుమరకలు కనిపించసాగాయి. అది రెండు స్ట్రోకుల బండి, పెట్రోల్లో ఆయిలు కలిపి పొయ్యాలి. కారిన పెట్రోలు ఆవిరైపోయినా ఆయిలు మిగిలి మరక చెబుతుంది. మరకకన్నా ముందు వాసన వచ్చింది. వాసన పట్టింది నేనే. ఇంట్లో పాలు మాడినా, గ్యాసు లీకైనా, ఎలక చచ్చినా మొదట తెలిసేది మన ముక్కుకే కదా!

బండిని మెకానిక్కు దగ్గరికి నేనే నడిపించుకు వెళ్ళాను. కుర్రాడు డొప్ప తీశాడు, అర నిమిషం చూశాడు.

"కార్బరేటర్ పోయింది మేడమ్. మొత్తం మార్చాలి."

"ఏం పోయింది?"

"లోపల పోయింది."

"లోపల ఏది? సూదా, ఫ్లోటా, గ్యాస్కెట్టా?"

అతను నావైపు, కుక్క తెలుగు మాట్లాడినట్టు చూశాడు. చూసి, "అవన్నీ మీకు చెప్పినా అర్థం కాదు మేడమ్. సార్‌ని పంపించండి, మాట్లాడతాను" అన్నాడు.

ఆ సార్‌గారు, అంటే మావారు, కాలేజీలో చరిత్ర లెక్చరరు. మూడు పానిపట్టు యుద్ధాలూ తేదీలతో సహా చెప్పగలరు గాని స్కూటరు ప్లగ్గు ఎక్కడుంటుందో చెప్పలేరు. ఆ సంగతి ఆయనే ఒప్పుకుంటారు, పాపం అబద్ధం ఆడే మనిషి కాదు. అయినా ఆయన్ని పంపించాలట! ఎందుకు? ఆయన "సరే" అనడానికి. ఆయనకూ అర్థం కాదు. కాని మగవాడు కాబట్టి అర్థమైనట్టు తల ఊపుతారు, డబ్బిస్తారు. అర్థం చేసుకోవడం కాదు సోదరీమణులారా, ఇక్కడ కావలసింది తల ఊపడం. మన ప్రశ్న వాళ్ళకు అడ్డు, మగవాడి తల ఊపు వాళ్ళకు సదుపాయం.

నేను "సార్‌ని" పంపించలేదు. బండిని తిరిగి ఇంటికి తెచ్చుకున్నాను. ఆ తరవాత చేసిన పని మీకు పూసగుచ్చినట్టు చెబుతాను, ఎందుకంటే ఇది మీరూ చెయ్యగలిగినదే.

మొట్టమొదట జాగ్రత్త. పెట్రోలు నీళ్ళు కాదు. సున్నాకంటే 40 డిగ్రీల చల్లదనంలో కూడా మండే ఆవిరి వదిలే పదార్థం అది. ఆ ఆవిరి గాలికన్నా బరువు, నేలబారుగా పాకి గుంటల్లో, మూలల్లో చేరుతుంది. కనక బండి ఆరుబయట ఉండాలి. ఇంజను చల్లారాలి. దగ్గర్లో దీపం, అగరొత్తి, సిగరెట్టు, పొయ్యి ఏవీ ఉండకూడదు. బక్కెట్టుతో ఇసుక పక్కన పెట్టుకోవాలి. పెట్రోలు మంట మీద నీళ్ళు పోస్తే పెట్రోలు నీళ్ళమీద తేలి మంటను ఇంకా దూరం మోసుకుపోతుంది. కారుతున్న బండిని "ఒక్కసారి స్టార్టు చేసి చూద్దాం" అనే సరదా ఎవరికైనా ఉంటే వారిని బండికి దూరంగా పెట్టాలి.

రెండోది, కారిన చోటు వేరు, చుక్క పడే చోటు వేరు అన్న సంగతి గుర్తుంచుకోవాలి. డాబా మీద పగులు ఒక మూల ఉంటే వానచుక్క ఇంకో మూల పడుతుంది, మనకు తెలియనిదా! అందుకని పెట్రోలు ట్యాపు కట్టేసి, పొడిగుడ్డతో అంతా శుభ్రంగా తుడిచి, కింద పాత వార్తాపత్రిక పరిచి ఓ పావుగంట ఊరుకోవాలి. ట్యాపు కట్టేసినా చుక్క పడుతూనే ఉందంటే చాలామటుకు తప్పు ట్యాంకుదో ట్యాపుదో. పడలేదంటే ట్యాపు తిప్పి పైనుంచి కిందికి చూసుకుంటూ రావాలి. అన్నిటికన్నా పైన ఎక్కడ తడి కనిపిస్తే అదీ అసలు చోటు. కిందివన్నీ ఆ తడి జారి తడిసినవే.

తడి రబ్బరు పైపు దగ్గరుంటే పైపు ఎండి పగిలిందన్నమాట, లేదా క్లిప్పు వదులైంది. పైపు కార్బరేటరుకు తగిలే మొలక దగ్గరుంటే వాషరు చూడాలి. గిన్నె మూత అంచున తడి ఉంటే గ్యాస్కెట్టు - కుక్కరు అంచున ఆవిరి వచ్చినట్టే. అంచులన్నీ పొడిగా ఉండి గిన్నే పొంగిపొర్లుతోందంటే అప్పుడు సూదీ ఫ్లోటూ అనుమానితులు. సూది కూర్చునే చోట ఇసుకరేణువంత మురికి ఉన్నా చాలు, దారి పూర్తిగా మూసుకోదు. కొన్నిసార్లు స్క్రూడ్రైవరు పిడితో గిన్నె పక్కన మెల్లిగా తడితే ఆ మురికి వదిలి పొంగడం ఆగిపోతుంది. ఆగలేదంటే విప్పాల్సిందే. విప్పితే సూది మొన మీద గీరుకుపోయిన గుండ్రని గాటు ఉందేమో చూడాలి. ఉంటే సూది మార్చాలి. ఫ్లోట్‌ని చెవి దగ్గర పెట్టుకుని ఊపాలి. లోపల గళగళమంటే దానికి చిల్లుపడి పెట్రోలు తాగిందన్నమాట. తాగినవాడు తేలడు గదా! మార్చాలి. బండి నెలల తరబడి కదలకుండా ఉంటే పెట్రోలు ఇగిరి జిగురు కట్టి ఫ్లోట్ కదలిక బిగుసుకుపోతుంది. దాన్ని శుభ్రం చేస్తే చాలు.

మా బండి విషయంలో అన్నిటికన్నా పైనున్న తడి పైపు చివర కనిపించింది. గిన్నె కూడా పొంగుతోంది. పైపు చివర వేళ్ళతో నొక్కితే ఎండిన చింతతొక్కులా పెళుసుగా ఉంది, నల్లటి పొడి వేలికంటింది. అప్పుడు మా పేట చివర పాత మేస్త్రీ ఒకాయన దగ్గరికి తీసుకెళ్ళాను. "పైపు చివర కారుతోంది, గిన్నె కూడా పొంగుతోంది. ఈ రబ్బరు పొడి లోపలికి పోయి సూది దగ్గర అడ్డం పడిందేమో చూడండి" అన్నాను. ఆ పెద్దాయన "సార్‌ని పంపించ"మనలేదు. "చూద్దాం తల్లీ" అని స్టూలు వేసి కూర్చోబెట్టి, నా ఎదురుగానే విప్పాడు. పెట్రోలు వడకట్టే చిన్న జల్లెడ చిరిగి ఉంది. సూది కూర్చునేచోట ఆవగింజలో సగమంత నల్ల రబ్బరు ముక్క! పైపూ, జల్లెడా, గ్యాస్కెట్టూ మార్చి, సూదిని శుభ్రం చేసి బిగించాడు. కొత్త కార్బరేటరు ఖరీదులో పదోవంతు కూడా కాలేదు.

డబ్బు సంగతి పక్కన పెట్టండి. ఆ కుర్రాడి మాట విని కొత్త కార్బరేటరు వేయించుకుని ఉంటే ఏమయ్యేది? పాత పైపునే తీసుకొచ్చి కొత్తదానికి తగిలించేవాడు. ఆ పైపు మళ్ళీ పొడి రాల్చేది. పాత జల్లెడ ఎందుకు చిరిగిందో ఎవరూ చూడరు, కొత్త జల్లెడ ఎంతకాలం ఆపుతుందో ఎవరూ చెప్పరు. నాలుగు నెలలకో ఆరు నెలలకో కొత్త గిన్నె కూడా పొంగేది. అప్పుడు "బండే పోయింది మేడమ్" అనేవాడు. జబ్బు పైపుది, ఆపరేషను కార్బరేటరుకు! దీన్ని మరమ్మతు అంటారా?

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. అతను చదువుకున్నదీ చేస్తున్నదీ కొత్త బళ్ళ మీద. వాటిలో చాలాభాగాలు విప్పడానికి వీల్లేకుండానే చేస్తారు, మొత్తం తీసి మొత్తం పెట్టడమే పద్ధతి. అదే అలవాటు పాతబండికీ తగిలించాడు. నా కోపం అతని రెండో మాట మీద - "మీకు అర్థం కాదు" అన్నదాని మీద. తనకు తెలియనిదాన్ని ఎదుటివారికి అర్థం కానిదిగా మార్చేసే విద్య ఒకటుంది చూశారూ, అది ఒక్క షెడ్డులోనే కాదు, ఆఫీసుల్లో, బ్యాంకుల్లో, ఆస్పత్రుల్లో, ఆఖరికి ఇంట్లో ఆస్తి కాగితాల దగ్గర కూడా మనకు ఎదురవుతుంది.

ఇంకో మాట. పాతబండ్ల యజమానులకు ఈ పైపుల సంగతి ఇదివరకటికన్నా ఇప్పుడు ముఖ్యం. మన పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నారు - 2022 నాటికి నూటికి 10 పాళ్ళు, 2025 నాటికి 20 పాళ్ళు. చెరకునుంచీ ధాన్యాలనుంచీ వచ్చే ఈ ఇథనాల్ దేశానికి మంచిదా కాదా అన్నది వేరే చర్చ. కాని అది తేమను పీల్చుకుంటుంది, ఆ రోజుల్లో చేసిన రబ్బరు పైపులకూ గ్యాస్కెట్లకూ పడదు. కనక పాతబండి ఉన్నవాళ్ళు పైపు కొనేటప్పుడు ఇథనాల్ తట్టుకునేదే అడిగి తీసుకోవాలి. సెలైన్ గొట్టం, చేపలతొట్టి గొట్టం తగిలించి "నడుస్తుంది లెండి" అంటే ఒప్పుకోకూడదు. ఈ ఒక్క ముక్క తెలిసి ఉండటానికి మీసాలు అవసరమా?

"ఆడవాళ్ళకు సహజంగా యంత్రాల మీద ఆసక్తి ఉండదండీ" అనే పెద్దమనుషులకు ఒక కథ చెబుతాను. కథంటే కల్పన కాదు. మోటారుకారు కనిపెట్టిన కార్ల్ బెంజ్ భార్య పేరు బెర్తా. మొగుడుగారు కారు తయారుచేశారు గాని, దాన్ని దూరప్రయాణానికి తీసే ధైర్యం చెయ్యలేదు. కొనేవాళ్ళూ లేరు. 1888 ఆగస్టులో ఈ మహాతల్లి భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, మన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌లో ఉన్న పుట్టింటికి బయలుదేరింది. నూరు కిలోమీటర్ల పైచిలుకు దారి. అప్పటికి పెట్రోలు బంకులు లేవు, వీస్‌లాక్ అనే ఊళ్ళో మందుల షాపులో ఇంధనం కొనుక్కుంది. దారిలో ఇంధనం పైపు పూడుకుపోతే ఏం చేసిందనుకున్నారు? టోపీకి గుచ్చుకునే పిన్ను తీసి శుభ్రం చేసింది! ఒక తీగె ఒరుసుకుపోతుంటే మేజోళ్ళ పట్టీ చుట్టింది. అరిగిన బ్రేకులకు చెప్పులు కుట్టేవాడిచేత తోలు వేయించింది. ప్రపంచంలో మొదటి దూరప్రయాణం, దారిలో ఇంధనం పైపుకు మరమ్మతూ చేసింది ఒక ఇల్లాలు - పుట్టింటికి వెడుతూ! ఈ మాట మన మెకానిక్ షెడ్డుల్లో సినిమా బొమ్మల పక్కన పటం కట్టించి పెట్టాలి.

(మీరు మాత్రం ఆమెను చూసి కార్బరేటరు జెట్లలో పిన్నులు దూర్చకండి. ఆమె దూర్చింది పైపులో. జెట్ అనేది మెత్తని ఇత్తడిలో కొలిచి వేసిన సన్నని రంధ్రం, పిన్ను దూరిస్తే సాగి పాళ్ళు తప్పుతాయి. గాలి ఊది శుభ్రం చెయ్యాలి.)

ఆ తరవాత 1909లో డొరొతీ లెవిట్ అనే ఇంగ్లీషు వనిత ఆడవాళ్ళు కారు నడపడం గురించి ఒక పుస్తకమే రాసింది. చిన్న చేతి అద్దం దగ్గర ఉంచుకుని అప్పుడప్పుడూ ఎత్తి వెనక వచ్చే బళ్ళను చూసుకోమని సలహా చెప్పింది. ముఖం చూసుకోవడానికే అద్దమని మనల్ని ఎగతాళి చేసేవాళ్ళకు ఇది తెలుసో లేదో. ఇక ఇంగ్లండు రాణి ఎలిజబెత్ - అప్పటికి ఇంకా యువరాణి - 1945లో యుద్ధం నాటి స్త్రీల సైనికదళంలో చేరి మోటారు మెకానిజం నేర్చుకుంది. కిరీటం పెట్టుకోబోయే తలకు అక్కరకొచ్చిన విద్య, కొంగు దోపుకునే మనకు అక్కర్లేకుండా పోయిందా?

ఇప్పుడు నామీద వేసే ప్రశ్నలకు కూడా జవాబు చెప్పాలి. లేకపోతే వాదన వన్‌సైడ్ అయిపోయిందంటారు.

మొదటిది: "పెట్రోలుతో చెలగాటమా? ప్రమాదం కాదూ?" ప్రమాదమే. కాని గ్యాసు సిలిండరు ప్రమాదం కాదూ? దాన్ని వంటింట్లో పొయ్యి పక్కనే పెట్టి, "నువ్వు చూసుకో" అని మనకు అప్పగించి హాల్లో పేపరు చదువుకుంటున్నారే! వాసన వస్తే రెగ్యులేటరు కట్టెయ్యడం, కిటికీలు తెరవడం, స్విచ్చి ముట్టుకోకపోవడం, సబ్బునీళ్ళు రాసి బుడగ ఎక్కడ లేస్తోందో చూడటం - ఇవన్నీ మనకు కంఠోపాఠం. పెట్రోలుకూ ఇంచుమించు అవే జాగ్రత్తలు. ప్రమాదమన్న కారణం నిజమైతే ముందు గ్యాసు సిలిండరు మోసే పని వాళ్ళు తీసుకోవాలి. తీసుకోరు! అసలు ప్రమాదం తెలియకపోవడంలో ఉంది. మెట్లకింద స్కూటరు రాత్రంతా కారుతూ, ఉదయాన్నే తులసికోట దగ్గర దీపం వెలిగించేది ఎవరు? మనమే.

నష్టం లెక్క కూడా వినండి. సెకనుకు ఒక్క బొట్టు చొప్పున పడితే రోజుకు 86,400 బొట్లు. పెట్రోలు బొట్టు నీటిబొట్టుకన్నా చిన్నదే. ఎంత చిన్నదనుకున్నా రోజుకు లీటరు పైమాటే. పాలు అలా పోతుంటే ఊరుకుంటామా?

రెండోది కాస్త గట్టి ప్రశ్న. ఇది మగవాళ్ళు వేసింది కాదు, మా ఆడపడుచు వేసింది. "వదినా, ఉన్న చాకిరీ చాలదా? వంటా, పిల్లలూ, ఉద్యోగమూ, అత్తమామల మందులూ - వీటికి తోడు స్కూటరు కూడానా? నాకు వచ్చని తెలిస్తే రేపటినుంచి అది కూడా నా నెత్తినే రుద్దుతారు. తెలియనట్టు ఉండటమే సుఖం."

ఈ మాటలో నిజం ఉంది. మన ఇళ్ళల్లో వచ్చినవాళ్ళ నెత్తినే పని పడుతుంది. అందుకే కదా, మగవాళ్ళు టీ పెట్టడం కూడా రానట్టు ఉంటారు! కాని నేను చెయ్యమనడం లేదు, తెలుసుకోమంటున్నాను. నా బండి విప్పింది నేను కాదు, మేస్త్రీ. ఆయన చెయ్యికి పని, నా బుర్రకు లెక్క. డాక్టరు దగ్గరికి వెడితే "ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి?" అన్నదానికి మనం సరిగ్గా చెప్పగలిగితే సగం వైద్యం అయినట్టే. ఇదీ అంతే. పనిని ఎవరికి అప్పగించాలన్నా, అప్పగించినవాళ్ళు చేశారో లేదో చూడాలన్నా పని తెలిసుండాలి. తెలియనట్టు ఉండే సుఖానికి ఇంట్లో మగదిక్కు ఉన్నన్నాళ్ళే విలువ. భర్త పోయిన మర్నాటినుంచి బండిని ఎటు తిప్పాలో, ఎవరికి ఎంతివ్వాలో తెలియక, ఎవరేం చెబితే అది నమ్మి నిలువునా మోసపోయిన ఆడవాళ్ళను మీరూ చూశారు, నేనూ చూశాను. వాళ్ళు తెలివితక్కువవాళ్ళు కాదు. జీవితమంతా "నీకెందుకు" అని ప్రేమగా చెప్పబడ్డవాళ్ళు.

మూడోది: "ఆ డొక్కు అమ్మేసి కొత్తది కొనుక్కోక, ఎందుకొచ్చిన గొడవ?" కొనండి, నేను వద్దన్నానా! కొత్త ఎలక్ట్రిక్ స్కూటరులో కార్బరేటరూ ఉండదు, పెట్రోలూ ఉండదు. కాని అందులోనూ ఏదో ఒకటి పోతుంది. అప్పుడు కూడా ఒకడు "లోపల పోయింది మేడమ్" అంటాడు. "లోపల ఏది?" అని అడిగే అలవాటు ఈ పాతబండి దగ్గర చేసుకోకపోతే ఆ కొత్తబండి దగ్గర ఊడిపడదు. పైగా ఈ డొక్కులో ప్రతి భాగమూ కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది. నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి బడి లేదు.

అసలు ఈ తేడా ఎక్కడ మొదలవుతుందో తెలుసా? స్కూటరు విప్పినప్పుడు. నాన్న నేలమీద చతికిలబడి డొప్ప విప్పుతుంటాడు. ఏడేళ్ళ కొడుకును పిలిచి "టార్చి పట్టుకోరా" అంటాడు. పదేళ్ళ కూతుర్ని పిలిచి "అమ్మని టీ పెట్టమను" అంటాడు. టార్చి పట్టుకున్నవాడికి వెలుతురు పడ్డంతమేర యంత్రం పరిచయమవుతుంది. టీ తెచ్చిన పిల్లకు డొప్ప మూసేసిన బండి కనిపిస్తుంది. పన్నెండేళ్ళ తరవాత ఆ పిల్లే మెకానికల్ ఇంజనీరింగులో సీటు తెచ్చుకుంటుంది, ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో నూటికి తొంభై తెచ్చుకుంటుంది. ఇంట్లో బండి ఆగిపోతే మాత్రం "తమ్ముడు రానీ" అంటుంది. లక్షలు పోసి చదివించి, స్క్రూడ్రైవరు చేతికివ్వడానికి మనసు రాలేదు మనకు!

ఇందులో నాన్నల తప్పు ఎంతుందో అమ్మల తప్పూ అంతుంది. "చేతులు నల్లగా అవుతాయి, గోళ్ళల్లో జిడ్డు పోదు, పెళ్ళిచూపులకు వచ్చేవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు" అని అడ్డం పడేది మనమే. జిడ్డు సున్నిపిండితో పోతుంది. బెదురు దేనితో పోతుంది?

కనక నేను కోరేది చాలా చిన్నది. ఈ ఆదివారం మీ ఇంట్లో బండి - పాతదైనా కొత్తదైనా - కడిగేటప్పుడు దాని డొప్ప తీయించండి. పెట్రోలు ఎక్కడినుంచి ఎక్కడికి వెడుతోందో వేలు పెట్టి చూసుకోండి. ట్యాపు ఎటు తిప్పితే కట్టుకుంటుందో ఇంట్లో అందరికీ, ముసలి అత్తగారితో సహా, చూపించండి. టార్చి కూతురి చేతికివ్వండి. టీ కావాలంటే కొడుకు పెడతాడు, వాడికీ ఒక విద్య వచ్చినట్టుంటుంది.

రేపు ఎవరైనా మీతో "మొత్తం మార్చాలి మేడమ్" అన్నప్పుడు పోట్లాడక్కర్లేదు, గొంతు పెంచక్కర్లేదు. "ఎక్కడినుంచి కారుతోందో చూపించండి" అని అడగండి. తెలిసినవాడైతే సంతోషంగా చూపిస్తాడు. తెలియనివాడైతే "సార్‌ని పంపించండి" అంటాడు. అప్పుడు బండి తాళంచెవి తీసుకుని ఇంకో షెడ్డుకు వెళ్ళండి.